నీ నాటకంలో నాయన

తాడిపత్రి,
ఆదివారం

పాపా,

నువ్వు పంపిన నాటకం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్లో మొదలుపెట్టి, కళ్లు లాగేసి సగంలో ఆపేశాను. తర్వాత జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను. షాపు పిల్లోడు మొదటి పేజీ చూసి "లెస్బియన్ల నాటకమా సార్?" అన్నాడు. "మా పాప రాసింది" అన్నాను. వాడు ఇంకేం అడగలేదు. పేపర్లో రాసే 'స్వలింగ సంపర్కులు' కంటే నువ్వు వాడిన మాటే నయం. పేపరు మాట చదివితే ఎఫ్‌ఐఆర్ చదివినట్టుంటుంది.

ముందు తప్పులు చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. రెండో రంగంలో ఎస్సై "377 కింద లోపలేస్తా" అంటాడు. కథ ఈ కాలానిదైతే అది కుదరదు. స్వలింగ సంబంధాలను నేరమనే ఆ సెక్షన్ ఇష్టపడి కలిసుండే మేజర్లకు వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అసలు ఆ సెక్షనే లేదు. ఇప్పుడు ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెడతారు, లేదంటే రెండో పిల్ల మీద కిడ్నాప్ కేసు. కోర్టులో 31 ఏళ్లు క్లర్కుగా చేసినవాణ్ణి, ఆ కాగితాలు నాకు తెలుసు. మూడో రంగంలో రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్ల పెళ్లి అయిపోతుంది. అదీ కాదు. పార్లమెంటు చట్టం చేస్తే తప్ప మేం చెయ్యలేమని 2023 అక్టోబర్ 17న అదే కోర్టు చెప్పేసింది. వాళ్లను ఆఫీసుకు పోనీ, పని కాకుండానే బయటికి రానీ. ఎదురుగా టీ బంకు పెట్టు. అక్కడ జనాన్ని నవ్వించొచ్చు.

ఇంక అసలు సంగతి. ఆ పిల్లను బావిలో ఎందుకు దూకించావు?

నేను చంద్రమతి వేషం కట్టిన రోజులు నువ్వు చూడలేదు. నువ్వు పుట్టకముందే మానేశాను. మీ తాత బతికుండగానే మీసం తీసేసినానని మీ అవ్వ రెండు రోజులు నాకు అన్నం పెట్టలేదు. కాటి సీనులో లోహితాస్యుణ్ణి ఒళ్లో పెట్టుకుని పద్యం ఎత్తుకుంటే, ముందు కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లు. వన్స్‌మోర్ అంటే మళ్లీ ఏడ్చేవాణ్ణి. రాగం తీస్తే చాలు, మిగతాది హార్మోనిస్టు చూసుకుంటాడు. రాత్రంతా చీర కట్టి ఇంకో మగాణ్ణి "నాథా" అని పిలిస్తే, ఊరి పెద్దలే స్టేజీ ఎక్కి నా పైటకు నోట్లు గుచ్చి పోయారు. ఆ పెద్దలే రేపు నీ నాటకం చూసి ఏమంటారో! (మన ఊళ్లో పుట్టిన బళ్లారి రాఘవ, ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలన్నాడు. ఆయన మాట అన్ని ఊళ్లలో చెల్లి ఉంటే నాకు వేషమే దొరికేది కాదు.)

1886లో బళ్లారిలో సరస వినోదినీ సభ అనే నాటక సమాజం పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు మన సీమాయనే. సంస్కృతం వాళ్ల లెక్కలో నాటకం శుభంగా ముగియాలి. ఆ కట్టు తెంచి సారంగధరుడి కథను విషాదాంతం చేశాడు. ఆయనకు పాత్రను చంపడానికి ధైర్యం కావాల్సొచ్చింది. నువ్వు చెప్పిన విజయ్ టెండూల్కర్ మరాఠీ నాటకం 1981లోది అన్నావు కదా, అందులోనూ ఆడపిల్లను ప్రేమించిన పిల్ల చచ్చిపోతుంది. అప్పట్లో అట్లాంటి పిల్లను స్టేజీ మీదికి తేవడమే గొప్ప. నువ్వింకా అదే బావి దగ్గర నిలబడితే ఎట్లా?

సంతోషాన్ని నువ్వు రెండు లైన్లలో తేల్చేశావు. "ఇద్దరూ నవ్వుకుంటారు" అని బ్రాకెట్లో రాస్తే యాక్టర్లు ఏం చేస్తారు? పోయిన సంక్రాంతికి ఆ పాప మన ఇంటికొచ్చినప్పుడు మిద్దె మీద ఉడకబెట్టిన శెనక్కాయలు తింటా కూర్చున్నారు. ఆ పాప ఒలిచి, గింజలు పేపరు మీద నీ వైపుకు నెడతా ఉంది, నీ ముఖమన్నా చూడకుండా. నువ్వూ చూడకుండానే తింటా, మీ ఆఫీసు గొడవేదో చెప్తా ఉన్నావు. నీళ్లట్యాంకు దగ్గర నిలబడి నేను చూశాను. ఇట్లాంటిది స్టేజీ మీద పది నిమిషాలు నిలబెట్టి చూపించు.

నీ నాటకంలో నాయన గిలాస విసిరికొట్టి అరుస్తాడు. నువ్వు సంగతి చెప్పిన రోజు నేను అరవలేదు. రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచాను. నువ్వు ఇంకా మాట్లాడతానే ఉన్నావు, నేను ఇంకొంచెం పెంచాను. తర్వాత మూడు నెలలు ఫోన్ వస్తే మీ అమ్మకిచ్చాను. అది రాయి. గిలాస తీసెయ్.

అనంతపురం లలిత కళా పరిషత్‌లో వేసే పనైతే ముందుగా చెప్పు, మా పాత బ్యాచ్‌లో మిగిలిన నలుగుర్నీ తీసుకొస్తా. వాళ్లు గొణుగుతారు, గొణగనీ.

మీ అమ్మ ఇంకా చదవలేదు. కాగితాలు ఫ్రిజ్ మీద పెట్టుకుంది. శెనక్కాయల పొడి రెండు డబ్బాలు బస్సులో పంపిస్తున్నాం. ఒకదాంట్లో కారం బాగా తగ్గించింది. "పచ్చమూత డబ్బా ఆ పాపకని రాయి" అంటా ఉంది.

మీ నాయన