ఆఖరికి ఆ విమానం కొనేశాను రా

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "విమానం కొన్నాను" అనగానే నువ్వు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎంతైంది?" అన్నావు, ఆ వెంటనే "ఎందుకురా?" అన్నావు. అంతలో నీకు డ్యూటీ టైమైంది. ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఆదివారం తీరిగ్గా చదువు.

ముందు డబ్బు లెక్క చెప్పేస్తా. నేను కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ అని విమానాలు నడిపే ఆట ఆడతానని నీకు తెలుసు, అదే 2020లో వచ్చినది. అందులో నడపడానికి ఫెనిక్స్ అనే సంస్థ ఒక ఎయిర్‌బస్ ఎ320 తయారుచేసి 2022లో 49.99 పౌండ్లకి విడుదల చేసింది. కార్డు మీద పడే మార్కప్, పన్నులు అన్నీ కలిపి నాకు 5,500 దాకా అయింది. ఇంట్లో డబ్బు ముట్టుకోలేదు. మీ చెల్లెలు ముందే చెప్పింది, "చిట్టీ డబ్బులు, పాప స్కూలు ఫీజు పోయాక నీ ఖర్చులకి ఉంచుకున్న దాంట్లోంచి తీసుకో, నేనేమీ అనను" అని. నెలకి 500 చొప్పున పదకొండు నెలలు బీరువాలో ఒక కవర్లో వేశాను. కవర్ మీద ఎ320 అని రాసింది పాపే.

ఫ్రీగా దొరికేది ఉండగా డబ్బు పెట్టడమేంటని అడుగుతావు. అడగాల్సిందే. ఫ్లైబైవైర్ అని ఒక బృందం ఉంది, వాలంటీర్లు కలిసి ఎ320 నియోని, అంటే ఎ320లోనే కొత్త రకాన్ని, చేసి ఉచితంగా ఇస్తున్నారు. చాలా బాగుంటుంది రా, ఊరికే అనడం లేదు. ఆ పదకొండు నెలలూ నేను నడిపింది దాన్నే. నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను: దాంతో యాభై ల్యాండింగులు చేయాలి, చెక్‌లిస్టు చూడకుండా ఇంజన్లు స్టార్ట్ చేయడం రావాలి, అప్పటికీ మోజు తగ్గకపోతేనే కొనాలి. ప్రతి ల్యాండింగూ నోటుబుక్కులో రాశాను, తేదీతో సహా. యాభై అయ్యాయి. మోజు తగ్గలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఒకసారి దెబ్బ తిన్నాను. నీకు అప్పట్లో చెప్పలేదు. ఫోన్లో ఒక షూటింగ్ గేమ్ ఆడేవాణ్ణి గుర్తుందా, అందులో స్పోర్ట్స్ కారు కోసం స్పిన్ తిప్పాలి. కారుకి ఇంత అని ధర ఉండదు, తిప్పితే వస్తే వస్తుంది. "ఇంకొక్కసారి" అనుకుంటూ ఒక్క రాత్రిలో 3,200 పెట్టాను. కారు రాలేదు. ఒకవేళ వచ్చినా అది రంగు తొడుగే, పరుగులో మామూలు బండికీ దానికీ తేడా ఏమీ ఉండదు. మర్నాడు పాప షూస్ అడిగితే జీతం పడనివ్వమన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. ఎంతవుతుందో ముందే చెప్పని దాని మీద రూపాయి కూడా పెట్టనని ఆరోజే అనుకున్నాను.

ఇంకోటీ ఆలోచించాను. ద క్రూ అని ఒక రేసింగ్ గేమ్ ఉండేది, 2014లో వచ్చింది. యూబీసాఫ్ట్ దాని సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కార్లు కొనుక్కున్నవాళ్లకి ఆటే తెరుచుకోకుండా పోయింది. స్టార్ సిటిజన్ అనే ఆట సంగతి ఇంకో రకం, అందులో ఇంకా తయారు కాని అంతరిక్ష నౌకలకి కూడా జనం ముందే డబ్బు కడతారు. 2018లో దాదాపు నౌకలన్నీ కలిపిన ఒక ప్యాక్‌కి 27,000 డాలర్ల ధర పెట్టారు! నా విమానమూ నా సొంతమని చెప్పలేను రా, నా చేతిలో ఉన్నది వాడుకునే లైసెన్సే. ఏదో ఒకరోజు అది నడవకపోవచ్చు. అది తెలిసే కొన్నాను. కానీ ఇది తయారై ఉన్న వస్తువు, ధర రాసి ఉన్న వస్తువు. దాంతో నేను నేర్చుకున్నది ఏ సర్వరూ ఆపలేదు.

నేర్చుకోవడం అంటే ఏంటో ఒక్కటి చెప్తాను. మొన్న గాల్లో ఉండగా కావాలనే రెండు జనరేటర్లూ ఆపేశాను. కో-పైలట్ వైపు స్క్రీన్లు నల్లబడ్డాయి, కెప్టెన్ వైపు మాత్రం వెలుగు మిగిలింది. విమానం పొట్ట కిందనుంచి చిన్న గాలిమర ఒకటి దానంతటదే బయటికొచ్చి తిరగడం మొదలుపెట్టింది. ఆ గాలిమర తిరగడం వల్ల పుట్టే కరెంటుతోనే మిగిలిన స్క్రీన్లు నడుస్తాయన్నమాట. పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కనిది ఒక్కసారి చూస్తే ఎక్కింది.

ఇక అసలు సంగతి. రసూల్‌పురాలో మీ మేడ మీద మనం పడుకుని విమానాలు చూసేవాళ్లం గుర్తుందా? సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చి, నెత్తి మీదుగా బేగంపేటలో దిగేవి. మీ అమ్మ ఆరేసిన బట్టలు ఊగేవి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్‌కి ఒక్కో వైపు నాలుగేసి చక్రాలున్నాయని నువ్వన్నావు, నేను రెండే అన్నాను. బడిలో అందరూ నా వైపే. ఇరవై ఏళ్లయ్యాక చదివితే తెలిసింది, మన రన్‌వేల మీద బరువు తగ్గడానికని నాలుగు చక్రాల ఆ అమరికను ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320లకి మాత్రమే చేశారట, ప్రపంచంలో ఇంకెవరికీ లేదట. నువ్వే కరెక్టు రా. ఇన్నాళ్లూ ఈ మాట నీతో అనలేదు. నేను కొన్నదానికి రెండేసి చక్రాలే.

ఇంటర్ అయ్యాక ఇద్దరం బేగంపేటలో పైలట్ ట్రైనింగ్ గేటు దాకా వెళ్లి, ఫీజు కాగితం తీసుకుని, సిటీ బస్సులో ఒక్క మాట లేకుండా తిరిగొచ్చాం. దాని గురించి ఇంకేం రాయను, నీకు తెలుసు.

కొన్న రాత్రి పాప పడుకున్నాక మొదలుపెట్టాను. ఎక్కణ్ణుంచి అనుకున్నావు? బేగంపేట నుంచే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక అక్కడ మామూలు విమానాలు ఆగిపోయాయి కానీ ఆటలో రన్‌వే అలాగే ఉంది. చీకటి కాక్‌పిట్. బ్యాటరీ 1, బ్యాటరీ 2. టక్, టక్. నెత్తి మీది ప్యానెల్లో లైట్లు వెలిగాయి. తానెక్కడుందో విమానం కనుక్కునేదాకా కొన్ని నిమిషాలు కదలకుండా ఆగాలి. ఆగాను. ముందు రెండో ఇంజన్, తర్వాత ఒకటో ఇంజన్. అప్పుడు వచ్చిందిరా ఆ చప్పుడు, కాళ్ల కింద ఎవరో రంపం పెట్టి కోస్తున్నట్టు. మీ పెళ్లికి వైజాగ్ వచ్చేటప్పుడు విని భయపడి పక్కాయన్ని అడిగాను చూడు, అదే. ఒక హైడ్రాలిక్ లైన్‌లో ప్రెషర్ తగ్గితే ఇంకోదాని బలంతో అందించే యూనిట్ చేసే చప్పుడట. హెడ్‌ఫోన్స్‌లో అది వినగానే ఒళ్లు జలదరించింది.

తూర్పు వైపు లేచాను. కుడివైపు హుస్సేన్‌సాగర్. రసూల్‌పురా దగ్గర కిందికి చూశాను. మీ ఇంటి చోట కంప్యూటర్ తనంతట తాను కల్పించిన ఏదో బిల్డింగ్ ఉంది, కానీ వీధి వంపు మాత్రం అదే.

ఎక్కడికి వెళ్లానో ఈపాటికి నీకు తెలిసిపోయి ఉంటుంది. సముద్రం మీదనుంచి తిప్పి వైజాగ్ రన్‌వేకి వరసలో పెట్టాను. ఎడమ పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద పోర్టు. విమానం "ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ" అని నేలకి ఇంకెన్ని అడుగులో లెక్క చెప్తూ వచ్చి, "రిటార్డ్", అంటే పవర్ తగ్గించు, అనగానే థ్రాటిల్ వెనక్కి లాగాను. చక్రాలు ఆనాయి. టైము పన్నెండు దాటింది. నీకు ఫోన్ చేద్దామనిపించింది, నైట్ డ్యూటీ అని గుర్తొచ్చి ఆగాను. నోటుబుక్కులో 51 అని రాసి, పక్కన "శీను ఊరు" అని రాశాను.

సంక్రాంతికి వస్తున్నారు కదా, చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. టేబుల్ దగ్గర కుడి పక్కన ఇంకో కుర్చీ వేశాను. చక్రాలు పైకి తీసే గేర్ లివర్ ఆ వైపుకే ఉంటుంది, అది నువ్వే ఎత్తాలి. మళ్లీ బేగంపేట నుంచే వెళ్దాం.

నీ
రాజు