పాత పత్రికా భవనం గురించి కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర కమిషనర్ గారికి,

నమస్కారం. మూతపడిన పత్రికా కార్యాలయ భవనం గురించి మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నాను.

కూల్చివేత ప్రతిపాదనలో దాన్ని పనికిరాని కట్టడం అన్నారు. అచ్చు యంత్రాల బరువునీ అదురునీ తట్టుకునేలా వేసిన నేల, స్తంభాలు అవి. పైగా ఎత్తైన కప్పులు, లారీలు లోపలికొచ్చే దారి. గ్రంథాలయానికైనా, శిక్షణ కేంద్రానికైనా ఇంతకన్నా ఏం కావాలి? షికాగోలో ట్రిబ్యూన్ పత్రిక కోసం కట్టి 1925లో పూర్తయిన ట్రిబ్యూన్ టవర్ ఇప్పుడు నివాస గృహాలయింది. ఫిలడెల్ఫియాలో ఇంక్వైరర్ పత్రిక పాత భవనం 2022లో పోలీసు ప్రధాన కార్యాలయమైంది. వార్తల కోసం విలేఖరులు పోలీసుల చుట్టూ తిరిగితే, చివరికి పోలీసులే అక్కడికి వచ్చారు!

సీసం కరిగించి అక్షరాలు పోతపోసిన గదుల్లో సీసం ధూళి మిగిలి ఉండొచ్చు. పరీక్షించకుండా కూలిస్తే అది పక్క ఇళ్ల పిల్లల ఊపిరిలోకి వెళ్తుంది. అక్కడే ముప్పై ఏళ్లు కంపోజింగ్ (అచ్చు అక్షరాలు కూర్చే పని) చేసిన మా నాన్నగారు ఇప్పటికీ ఆ గేటు దగ్గర ఆగుతారు. లోపల పాత ఫొటో నెగటివ్‌లు తడిసిపోతున్నాయని ఆయన బెంగ.

దయచేసి కూల్చివేత ఆపండి. కప్పు కారకుండా చూడండి. సీసం పరీక్ష చేయించి ఫలితం బయటపెట్టండి. భవనాన్ని ఎలా వాడుకోవాలో నెలలోగా బహిరంగ విచారణ జరపండి.

ఇట్లు,
ఒక కంపోజిటర్ కుమారుడు