మా ఇంట్లో ఒక పెగ్గు అంటే తొమ్మిది మూతలు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మితంగా తాగితే గుండెకు మంచిదని వేశారు. ఊరుకుందామనుకున్నాను. మా వారు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించారు, మా మరిది ఫొటో తీసుకుని మరీ వెళ్లాడు. ఇక నాలుగు రోజులుగా నిద్ర పట్టక రాస్తున్నాను.

మితం అంటే ఎంతో మీ వ్యాసంలో ఎక్కడా లేదు. మన దేశంలో డాక్టర్ల లెక్కలో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పోస్తే అందులోనే 20 గ్రాములు. 180 మి.లీ. క్వార్టర్ సీసా అంటే ఆరు డ్రింకులు! మొన్న రాత్రి మా వారు స్టీలు గ్లాసులో పోసుకున్నది, పాప దగ్గు మందు సీసాకున్న 10 మి.లీ. మూతతో కొలిచాను. తొమ్మిది మూతలు. ఆయన లెక్కలో అది ఒక పెగ్గు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకునే మనిషి ఆయన.

మితంగా తాగితే గుండెకు మంచిదన్న పాత అధ్యయనాలు చాలావాటిలో జబ్బు చేసి మానేసినవాళ్లను కూడా తాగనివాళ్లలోనే కలిపేశారు. దాంతో కొద్దిగా తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించారు. గుండె సంగతిలో డాక్టర్ల మధ్య వాదన ఇంకా ఉంది. క్యాన్సర్ సంగతిలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, పొగాకూ అందులోనే ఉంది. నోరు, గొంతు, కాలేయం, పేగులే కాదు, ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ కూడా. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదే లేదని 2023 జనవరిలో ఆ సంస్థే చెప్పింది. ఇవన్నీ మీ ఆఫీసులో ఎవరూ చూడలేదా?

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా పాకలు మూయించినప్పుడు పత్రికలు వాళ్ల వెంట నిలబడ్డాయి, మా అమ్మ ఆ వార్తలు చదివించుకుని వినేది. ఇప్పుడు ఎక్సైజ్ శాఖ పేరులో నిషేధం అన్న మాట అలాగే ఉంది, 2024లో 99 రూపాయలకే క్వార్టర్ తెచ్చి అదో ఘనకార్యంలా చెప్పుకున్నారు. ప్రభుత్వానికి ఆదాయం కావాలి, సరే. మీకేం కావాలి?

ఆ వ్యాసం ఎంత స్థలంలో వేశారో, అదే పేజీలో అంతే స్థలంలో సవరణ వేయండి. గ్రాముల లెక్కతో సహా వేయండి. ఫ్రిజ్ మీదున్నది పీకేసి అది అంటిస్తాను.

ఒక పాఠకురాలు,
కావలి