చూపు తగ్గేదాకా ఆగమని చెప్పకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం ఆరోగ్య పేజీలో మధుమేహం గురించి వచ్చిన వ్యాసం చదివి చాలా రోజులైంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. కాకరకాయ రసానికి, మెంతులకు, నడకకు అర పేజీ ఇచ్చారు. కంటికి ఇచ్చింది ఒకే ఒక వాక్యం. చూపు మసకబారితే వెంటనే కంటి వైద్యుణ్ని కలవాలట. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి విభాగం సహాయకుడిగా పనిచేసి రిటైరైనవాణ్ని నేను. సరిగ్గా ఆ మాటే నమ్మి, చూపు మసకబారేదాకా ఆగిన వాళ్లను దగ్గరినుంచి చూశాను. లక్షలమంది చదివే పత్రిక అలాంటి సలహా ఎలా ఇస్తుంది? దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. చూపు ఎంత బాగున్నా, షుగరు ఉందని తెలిసిన ఏడాదే కళ్లలో కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత ఏటా ఒకసారి చేయించుకోవాలి. చిన్న వయసులోనే ఇన్సులిన్ మీద బతికే టైప్ 1 వాళ్లకు మాత్రం జబ్బు బయటపడ్డ అయిదేళ్ల లోపు మొదలుపెడితే సరిపోతుంది.

షుగరు వల్ల రెటీనా పాడవుతున్నా తొలి దశల్లో చూపు తగ్గదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. రెటీనా అంటే కంటి వెనక గోడను అంటిపెట్టుకుని ఉండే పలుచని నరాల పొర. దానికి రక్తం అందించే సన్ననాళాల గోడలు ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువై బలహీనపడతాయి. అక్కడక్కడా ఉబ్బుతాయి. కనుపాప పెద్దది చేసి లోపలికి చూస్తే అవి చిన్న చిన్న ఎర్ర చుక్కలుగా కనిపిస్తాయి. వాటినుంచి నీరు, కొవ్వు బయటికి ఊరి పసుపుపచ్చ మరకలు కడతాయి. ఆ నీరు రెటీనా మధ్యభాగమైన మాక్యులాకు చేరనంతకాలం మనిషి పేపరు చదువుతూనే ఉంటాడు, సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంటాడు. జబ్బు మాత్రం ముదురుతూ ఉంటుంది. కొన్ని నాళాలు పూర్తిగా మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా కొత్త నాళాలను పుట్టిస్తుంది. వాటికి గట్టిదనం ఉండదు. ఏదో ఒక రోజు, నిద్రలోనైనా సరే, చిట్లి కంటినిండా రక్తం చేరుతుంది. నిన్న రాత్రి దాకా టీవీ చూశానండీ అని ఏడుస్తూ వస్తారు. నిజమే, చూశారు. అప్పటికే ఆ కన్ను ఎన్నో ఏళ్లుగా పాడవుతూ వచ్చింది.

మా కేంద్రానికి ఒక పెద్దావిడ వచ్చేది. ప్లాస్టిక్ సంచిలో ఏళ్లనాటి చీటీలన్నీ జాగ్రత్తగా మడిచి పెట్టుకునేది. పరగడుపు షుగరు, తిన్నాక షుగరు, బీపీ, మాత్రల పేర్లు, మళ్లీ ఎప్పుడు రావాలో, అన్నీ రాసి ఉన్నాయి. ఒక్క చీటీ మీద కూడా కన్ను అనే మాట లేదు. కుడికన్ను పూర్తిగా పోయాక మా దగ్గరికి వచ్చింది. పెద్దాసుపత్రికి పంపితే ఎడమకంటిలోనూ కొత్త నాళాలు ఉన్నాయని రాసి పంపారు. "కళ్లు చూపించుకోమని నాకెవరూ చెప్పలేదు బాబూ" అంది. ఆమె ఏ నెలా మందులు మానలేదు. చెప్పినవన్నీ చేసింది. చెప్పాల్సిన వాళ్లే చెప్పలేదు.

ఇలాంటి వాళ్లు ఒకరిద్దరే అనుకోకండి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహులున్నారని లెక్కగట్టింది. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటిన మధుమేహుల్లో 16.9 శాతం మందికి, అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి, రెటీనా దెబ్బతిని ఉంది. షుగరు ఉందని తెలిసిన వాళ్లలో సుమారు 90 శాతం మంది అప్పటిదాకా రెటీనా పరీక్ష చేయించుకోనేలేదని కూడా అదే సర్వే తేల్చింది. మందు లేని జబ్బయితే సరేలే అనుకోవచ్చు. లేజర్ చికిత్సతో తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గించవచ్చని అమెరికాలో 1976లోనే రుజువైంది. టైప్ 1 వాళ్లలో చక్కెరను గట్టిగా అదుపులో పెడితే రెటీనా జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గుతుందని 1993లో మరో పెద్ద అధ్యయనం చూపించింది. ఇప్పుడు మాక్యులా వాపుకు కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. ముదిరితే కంటి లోపలి జెల్లీలాంటి పదార్థాన్ని, అందులో చేరిన రక్తాన్ని తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్ ఉంది. అయితే లేజర్ ఉన్న చూపును కాపాడుతుందే గాని పోయినదాన్ని తీసుకురాదు. కాబట్టి ముందుగా చూడటం తప్ప దారి లేదు.

ప్రభుత్వాలు కళ్లను పట్టించుకోలేదని అనను. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, 2023 జనవరిలో రెండో విడత పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అదే పేరుతో బడిపిల్లల నుంచి మొదలుపెట్టారు. అద్దాలు లేక మూలన కూర్చున్న ముసలివాళ్లకు వాటివల్ల ఎంతో మేలు జరిగింది. కానీ మన శిబిరాల గొప్పంతా పంచిన కళ్లద్దాల సంఖ్యతోనే కొలుస్తున్నారు. ఫొటోలకూ అద్దాలు పెట్టే దృశ్యమే కావాలి. చుక్కల మందు వేసుకుని అరగంట కళ్లు మూసుకుని కూర్చున్న మనిషిని ఏ నాయకుడూ ఫొటో తీయించడు, ఏ పత్రికా వేయదు. షుగరు అదుపులో లేనివాళ్లకు ఆ వేళకున్న పవరు చూసి అద్దాలిస్తే మరో ప్రమాదం ఉంది. చక్కెర పెరిగినప్పుడు కంటిలోని సహజ కటకంలోకి నీరు చేరి పవరు మారిపోతుంది. నెల తిరిగేసరికి ఆ అద్దాలు పనికిరావు. షుగరు కాస్త నిలకడకు వచ్చాకే అద్దాలివ్వాలని మా పై అధికారులకు ఎన్నిసార్లు చెప్పినా, వాళ్లు అడిగింది సాయంత్రానికి ఎన్ని పంచారన్న సంఖ్య ఒక్కటే. నేను రిటైరయ్యాక ఆ కుర్చీ చాలాకాలం ఖాళీగా ఉంది. అంకెలు మాత్రం పైకి వెళుతూనే ఉన్నాయి.

ఇక కార్నియా సంగతి. మీ వ్యాసంలో దాని ఊసే లేదు. మన పల్లెల్లో అందరూ నల్లగుడ్డు అనేదాని మీద అద్దంలా ఉండే పారదర్శక పొర అది. ఒంట్లో నరాల కొసలు అత్యంత దట్టంగా ఉండే చోట్లలో కార్నియా ఒకటి. అందుకే చిన్న నలుసు పడ్డా ప్రాణం విలవిల్లాడుతుంది. షుగరు పాదాల్లో నరాలను మొద్దుబార్చినట్టే ఇక్కడా మొద్దుబారుస్తుంది. కన్నీరు తగ్గి కన్ను పొడిబారుతుంది. కార్నియా పైపొర కింది పొరను గట్టిగా పట్టుకుని ఉండలేదు, కొద్దిపాటి గీరుడుకే లేచిపోతుంది. లేచిన చోట పుండు మానడానికి మామూలు కంటే ఎక్కువ కాలం పడుతుంది. కాలిపుండు గురించి షుగరు ఉన్న ప్రతి ఇంట్లో తెలుసు. కంటిపుండు గురించి ఎవరికీ తెలియదు.

మా గోదావరి డెల్టాలో దీని అర్థమేమిటో వరి కోతలప్పుడు తెలుస్తుంది. నూర్పిడి దగ్గర వడ్ల ఊకో, గడ్డికొసో ఎగిరి కంట్లో పడుతుంది. మామూలు మనిషైతే ఆ నొప్పికి ఆ పూటే పరుగెత్తుకొస్తాడు. షుగరు రోగికి అంత నొప్పి తెలియదు. రుమాలుతో నలుపుకుని పనిలో పడతాడు. ఆ ఊకతో పాటు వచ్చిన బూజు పుండులో పెరుగుతుంది. ఈలోగా ఎవరో ఆకు పసరు పిండుతారు. లేదా మందుల షాపులో చీటీ అడగకుండా ఎర్రకంటికని స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెడతారు. బూజు పుండుకు స్టెరాయిడ్ పడితే అది ఇంకా చెలరేగుతుంది. ఆ రైతు మా దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కూర్చుని ఉంటుంది. పుండు మానినా పువ్వు అనే ఆ తెల్ల మచ్చ మిగులుతుంది. ఆపైన కార్నియా మార్పిడి కోసం దాత దొరికేదాకా ఎదురుచూడాలి. (షుగరు ఉన్నవాళ్లు నేత్రదానానికి పనికిరారని మనవాళ్లలో ఒక అపోహ ఉంది. అది తప్పు. వాళ్ల కళ్లనూ తీసుకుంటారు, పరీక్షించి పనికివచ్చేవి వాడతారు.) మందుల షాపుల మీద తనిఖీ చేయాల్సిన అధికారులు ఏం చేస్తున్నారో, ఆ స్టెరాయిడ్ చుక్కల అమ్మకాన్ని ఎందుకు ఆపలేకపోతున్నారో మీ విలేకరులైనా అడగాలి.

చేయగలిగింది లేక ఇదంతా రాయడం లేదు. రెటీనాను ఫొటో తీసే ఫండస్ కెమెరాలు వచ్చాయి. చాలామందికి చుక్కలు కూడా వేయకుండానే తీయవచ్చు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ-ఐ కేంద్రాలు తెరిచి, ఇక్కడ తీసిన ఫొటోను దూరాన ఉన్న కంటి వైద్యుడు చూసి చెప్పే ఏర్పాటు చేశారు. అది జరిగే పని అని అప్పుడే తేలిపోయింది. ఆ కెమెరా నెలకు ఒక రోజైనా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి. షుగరు, బీపీ రోగుల జాబితా ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల దగ్గర ఇప్పటికే ఉంది. కొత్తగా సర్వే చేయనక్కరలేదు. మాత్రలిచ్చే చీటీ మీద కంటి పరీక్ష తేదీ అని ఒక గడి అచ్చువేయించడానికి ఏ మంత్రివర్గ నిర్ణయమూ అక్కరలేదు. గర్భానికి ముందునుంచే షుగరు ఉన్న గర్భిణులను మొదటి మూడు నెలల్లోనే కంటి పరీక్షకు పంపాలి, గర్భంలో రెటీనా జబ్బు తొందరగా ముదిరే ప్రమాదం ఉంది.

జిల్లా వైద్యాధికారులకు మరో మాట. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుందని, వెలుతురు భరించలేరని, వెంట ఇంట్లోవాళ్లు ఒకరు రావాలని ఆశా కార్యకర్తలతో ముందురోజే చెప్పించండి. ఒంటరిగా బస్సు దిగి వచ్చినవాళ్లు తిరిగి ఎలా వెళ్లాలో తెలియక, చుక్కలు వద్దని చెప్పి మాత్రలు మాత్రమే తీసుకుని వెళ్లిపోయేవారు. అలా వెళ్లిన వాళ్లెవరినీ మేము మళ్లీ పిలిపించలేదు. ఈసారి ఆ పేర్లు రాసుకుని, వాళ్లను మళ్లీ పిలిపించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నేత్ర వైద్య సహాయకుడు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా