టీసీ చేతికిస్తే మత్తు వదలదు

సంపాదకులకు,

అయ్యా,

ఏటా అంతర్జాతీయ మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26న విద్యార్థుల చేత ర్యాలీ తీయించి, మత్తు జోలికి పోబోమని ప్రతిజ్ఞ చేయించి, ఫొటోలు దిగి ఇళ్ళకు పంపేస్తున్నాం. అందులో తప్పేమీ లేదు గాని, ఆ ప్రతిజ్ఞ చేసిన పిల్లవాడే నాలుగు నెలల తర్వాత గంజాయితో దొరికితే కళాశాలవారు ఏం చేస్తున్నారన్నది ఎవరూ అడగడం లేదు. ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన నాకు, నిరుడు మా వీధిలో జరిగిన సంగతి చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కుర్రవాడి తండ్రి ఒక సాయంత్రం టీసీ పట్టుకొని మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, హాస్టల్లో దొరికాడంట, తీసుకుపొమ్మన్నారు" అని, ఆపైన మాట్లాడలేకపోయాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా కొడుకు బ్యాగులో కంటి చుక్కల మందు సీసా కనబడేదనీ, ఫోను చూసి చూసి కళ్ళు ఎర్రబడుతున్నాయంటే నిజమేననుకున్నాననీ తల్లి తర్వాత చెప్పింది. ఆ టీసీని నేను రెండుసార్లు చదివాను. ప్రవర్తన అన్నచోట "సంతృప్తికరం" అని రాసి ఉంది! కళాశాల పరువు నిలిచింది, చేర్చుకోబోయే కళాశాలకు సంగతి తెలియదు, పిల్లవాడు మాత్రం వైద్యమన్నది లేకుండా, చేతినిండా ఖాళీ సమయంతో, సరుకు అమ్మేవాళ్ళకు మరింత దగ్గరగా వీధిలో పడ్డాడు.

విచిత్రమేమిటంటే, ఈ విషయంలో కళాశాలలకంటే చట్టానికే దయ ఎక్కువ. మాదకద్రవ్యాలను అరికట్టడానికి తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం అమ్మకందారుల పట్ల ఎంతో కఠినమైనదే అయినా, చిన్న పరిమాణంలో మత్తుపదార్థంతో దొరికి కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే, అతనిపై విచారణ జరపరాదని 64ఎ సెక్షన్ చెబుతున్నది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ గురించి తెలిసిన ప్రిన్సిపాల్ ఒక్కరూ నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆ తండ్రికి తెలియదని వేరే చెప్పనక్కర్లేదు.

కళాశాల గోడల మీద మాదకద్రవ్యాలను అరికట్టే పోలీసుల ఈగల్ విభాగం వారి ఫోన్ నంబరు 1972 అంటించి ఉంటున్నది. అమ్మేవాళ్ళ సమాచారం ఇవ్వడానికి అది కావలసిందే. అయితే కన్నకొడుకు సంగతి చెప్పడానికి ఏ తల్లి పోలీసులకు ఫోన్ చేస్తుంది? వ్యసనం మాన్పించడానికి సలహా ఇచ్చే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉన్నది గదా, దాన్ని కూడా ఆ పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో రాయించడానికి ఖర్చేమవుతుంది?

ఇక మద్యం. దాన్ని మనం మత్తు కింద లెక్కే వేయడం లేదు. ఈ కుర్రవాడు మొదట రుచి చూసింది గంజాయి కాదు, పదో తరగతి సెలవుల్లో మేనమామ పెళ్ళిలో బీరు; పోసింది సొంత బావలే. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నిబంధన ఉన్నా, బెల్టు షాపులో వయసు అడిగేవాడు లేడు, తాతకు క్వార్టర్ తెచ్చిపెట్టే మనవళ్ళను చూసి ముచ్చటపడే ఇళ్ళకు కొదవ లేదు. పిల్లలకు మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడే వీలు 2015 బాలల న్యాయ చట్టంలో ఉన్నదని ఆ బావలకు చెబితే నవ్వారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో తమ ఇంటి గోడునే పాఠంగా చదువుకొని సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఎవరో చేయించిన ప్రతిజ్ఞతో అది మొదలు కాలేదు. మన తరగతి గదుల్లో కూడా తోటివాడు బలవంతం చేస్తే ఏమనాలో, గదిలో ఉండే స్నేహితుడు చెడిపోతుంటే ఎవరికి చెప్పాలో, చెబితే వాడి చదువు పోదన్న భరోసా ఎవరిస్తారో మాట్లాడే గంట వారానికి ఒకటైనా ఉండాలి. ఆ చివరి భరోసా లేనంతకాలం ఏ పిల్లవాడూ నోరు విప్పడు.

అందుచేత, మత్తు వాడి దొరికిన విద్యార్థిని తల్లిదండ్రుల సమక్షంలో వ్యసనం మాన్పించే డీ అడిక్షన్ కేంద్రానికి పంపి, చికిత్సకు ఒప్పుకున్నవారికి సీటు నిలిపి ఉంచాలని, కేవలం ఈ కారణంతో టీసీ ఇవ్వరాదని ఇంటర్మీడియట్ బోర్డులు కళాశాలలకు, ముఖ్యంగా హాస్టళ్ళు నడిపేవారికి, రాతపూర్వకంగా ఆదేశించాలని కోరుతున్నాను. తోటివారికి సరుకు అమ్మినవారి సంగతి వేరు. అది పోలీసులు చూసుకోవలసిన పని.

మా వీధి కుర్రవాడు ఇప్పుడు వేరే కళాశాలలో చదువుతూ, పదిహేను రోజులకొకసారి తండ్రి బండి మీద ఆసుపత్రికి వెళ్ళివస్తున్నాడు. ఆ కళాశాలవారికి మాత్రం కడుపునొప్పికి మందు వాడుతున్నాడని చెప్పారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా