చట్టసభ నుంచి న్యాయపీఠానికి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఫెడరల్ న్యాయమూర్తుల నియామకం వార్తల్లోకి వచ్చినప్పుడల్లా, ఎన్నికల్లో నిలబడినవారు నిష్పక్షపాతంగా తీర్పు చెప్పలేరన్న మాట వినిపిస్తుంది. చట్టసభ నుంచి న్యాయపీఠానికి వెళ్లిన డెమొక్రాట్ ఆబ్నర్ మిక్వా జీవితాన్ని చూస్తే అది తొందరపాటు మాటేనని నాకు తోస్తుంది.

ఇల్లినాయి శాసనసభలో పదేళ్లు ఉండి, 1968లో షికాగో నుంచి అమెరికా కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభకు ఎన్నికైన మిక్వా, 1972లో ఓడి, 1974లో మళ్లీ గెలిచి, ఆపైన కొద్ది వందల ఓట్ల తేడాతో సీటు నిలబెట్టుకున్నారు. 1979లో అధ్యక్షుడు కార్టర్ ఆయనను వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టుకు ప్రతిపాదించగా, తుపాకుల నియంత్రణ కోరిన వ్యక్తి కాబట్టి తుపాకీ హక్కుల సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గట్టిగా అడ్డుపడినా, సెనేట్ 58–31 ఓట్లతో ఆమోదించింది. కాంగ్రెస్ సభ్యుడిగా ఎన్నికైన కాలంలో జీతం పెరిగిన పదవిని ఆ గడువు తీరకుండా చేపట్టరాదన్న రాజ్యాంగ నిబంధనను చూపి, ఐడహో సెనేటర్ జేమ్స్ మెక్‌క్లూర్ ఆ నియామకంపై దావా వేశారు. దావా వేసే అర్హత ఆయనకు లేదంటూ 1981లో కోర్టు కొట్టివేసిందే తప్ప అసలు ప్రశ్న జోలికి పోలేదు. అభ్యంతరంలో పస లేదని నేను అనను.

అయితే ఆయన చట్టసభ అనుభవం అక్కరకు వచ్చింది న్యాయపీఠం మీదే. చట్టానికి అర్థం తేల్చేటప్పుడు సభా కమిటీల నివేదికలను ఆధారం చేసుకోవచ్చా అన్న వివాదంలో, 1982 నుంచి 1986 దాకా అదే కోర్టులో న్యాయమూర్తిగా ఉన్న ఆంటోనిన్ స్కాలియా చట్టంలోని అక్షరానికే కట్టుబడాలన్నారు. బిల్లులో ఒక్కో పదం కోసం ఎంత బేరం సాగుతుందో స్వయంగా చూసిన మిక్వా ఆ నివేదికల పక్షం వహించారు. స్వలింగ సంపర్కుడన్న కారణంగా నౌకాదళ అకాడమీ నుంచి పంపివేతకు గురైన జోసెఫ్ స్టెఫాన్ పక్షాన 1993లో ఆయన రాసిన తీర్పును మరుసటి ఏడు ఆ కోర్టు పూర్తి ధర్మాసనం తోసిపుచ్చింది. 1991 నుంచి ఆ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఆయన, 1994లో పీఠం వదిలి క్లింటన్‌కు వైట్‌హౌస్ న్యాయ సలహాదారుగా వెళ్లడం విమర్శకులకు ఆయుధమైంది, కాదనలేం.

ఇది ఒక పార్టీ సంగతీ కాదు. రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ 1985లో అదే కోర్టుకు పంపిన జేమ్స్ బక్లీ కూడా న్యూయార్క్ మాజీ సెనేటరే. అరిజోనా రాష్ట్ర సెనేట్‌లో పనిచేసిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ 2006లో విరమించాక మాత్రం, ఏ చట్టసభకైనా ఎన్నికై వచ్చినవారు అమెరికా సుప్రీంకోర్టులో ఒక్కరూ లేరు.

– ఒక పాఠకుడు