మేడ మీద మెస్ ఆపేస్తున్నాం, కింద కొట్టు ఉంటుంది

నమస్కారమండీ. రెండు వారాలుగా ఒకటే ఫోన్లు. "కొట్టుకి సీలు పడిందటగా?" అని. పడలేదు. పచ్చళ్లు, పొడులు, సోనామసూరి బియ్యం ఎప్పటిలాగే దొరుకుతాయి. మేడ మీద మెస్ మాత్రం ఈ నెల ఆఖరి ఆదివారం భోజనంతో ఆగిపోతుంది.

ఎందుకో చెప్పాలంటే 2006 నుంచి మొదలుపెట్టాలి. నాన్న ఢిల్లీలో ఈ కొట్టు పెట్టేనాటికే మన వీధిలో టైలర్, పిండిమర, హార్డ్‌వేర్ షాపు అన్నీ ఉన్నాయి. ఎక్కడ ఏం ఉండాలో చెప్పే ఊరి మాస్టర్ ప్లాన్‌లో మాత్రం అది ఇళ్ల వీధి. 2006 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు, ఇళ్ల కోసం కేటాయించిన చోట నడిచే వ్యాపారాలకు సీలు వేయమంది. ఊరంతా బంద్‌లు. సెప్టెంబర్‌లో సీలంపూర్ గొడవల్లో ప్రాణాలే పోయాయి. నాన్న షట్టర్ సగం దించి, లైటు ఆర్పేసి ఆవకాయ అమ్మిన రోజులవి.

చివరికి ఆ సెప్టెంబర్‌లోనే 2,183 వీధుల్లో వ్యాపారాన్ని ఒప్పుకుంటూ నోటిఫికేషన్లు వచ్చాయి. 2007 ఫిబ్రవరి 7న వచ్చిన కొత్త మాస్టర్ ప్లాన్‌లోనూ అది నిలబడింది. వీధిని కాగితానికి తగ్గట్టు మార్చలేక, కాగితాన్నే వీధికి తగ్గట్టు మార్చారన్నమాట. జాబితాలో మన వీధి పేరు కనబడిన రోజు నాన్న ఇంటింటికీ పూతరేకులు పంచారు. బాబాయి కొట్టున్న వీధికి ఆ అదృష్టం లేదు. సర్వే చేసి కూడా నోటిఫై చేయకుండా ఏళ్ల తరబడి వదిలేసిన 351 రోడ్లలో అదొకటి. 2017 చివర్లో సీళ్లు మళ్లీ మొదలయ్యేసరికి ఆయన సామాను మా గోడౌన్‌కి చేరింది. రెండు వీధుల్లోనూ అవే కొట్లు, అదే రద్దీ.

అయితే మనకి వచ్చిన అనుమతికీ హద్దుంది. ఇళ్లూ కొట్లూ కలిసి ఉండొచ్చని ఒప్పుకున్న ఇలాంటి మిక్స్‌డ్ యూజ్ వీధిలో కొట్టు నేల అంతస్తులోనే ఉండాలి. ఇంటి చోటుని వ్యాపారానికి వాడుకున్నందుకు కన్వర్షన్ చార్జీ, దాంతోపాటు పార్కింగ్ చార్జీ కట్టాలి. 2014లో మేడ మీద మెస్ పెట్టినప్పుడు ఈ సంగతి తెలియదని బుకాయించను, తెలుసు. వీధిలో సగం మేడల మీద ఏదో ఒకటి నడుస్తోంది, మనల్నెవరు అడుగుతారులే అనుకున్నాను. ఇప్పుడు అధికారులు అడిగారు. కోర్టుకెళ్తే రెండేళ్లు లాగొచ్చని లాయరుగారు అన్నారు.

లాగాలనిపించలేదు. టెన్షన్ ఒక కారణం. పక్కింటి పంజాబీ ఆంటీ ఇంకో కారణం. కొట్లు రాకముందు నుంచీ ఆవిడ ఈ వీధిలోనే ఉంటున్నారు. మేం ఎండుమిరపకాయలు వేయించిన రోజల్లా కిటికీలు మూసుకుని లోపల దగ్గుతూ కూర్చుంటారు. వీధి ఎలా ఉందో అలాగే ఒప్పుకోవడమంటే మా వ్యాపారంతోపాటు ఆవిడ దగ్గునీ ఒప్పుకోవడమే. జాబితా తయారుచేసేటప్పుడు ఆవిడనెవరూ అడిగి ఉండరు. నేనూ పదేళ్లు అడగలేదు. ఇకమీదట వేయించడం, దంచడం నోయిడాలో అద్దెకు తీసుకున్న షెడ్డులో జరుగుతుంది.

ఇప్పుడు డబ్బు మాట. వీధి నోటిఫై అయ్యాక మనకి ధైర్యం వచ్చింది, ఇంటి ఓనరుకి ఇంకా ఎక్కువ ధైర్యం వచ్చింది. అద్దె ఏటా పెరుగుతోంది. కట్టకుండా వాయిదా వేసుకుంటూ వచ్చిన కన్వర్షన్ చార్జీ బకాయి కూడా ఈసారి తీర్చేశాను. ఆ తప్పు నాదే, మీ మీద వేయను. కానీ షెడ్డు అద్దె నా ఒక్కడి వల్ల కాదు. అందుకే ఒకటో తేదీ నుంచి కందిపొడి, నల్లకారం పావుకిలో 90 రూపాయల నుంచి 100 అవుతాయి. పచ్చళ్ల ధర మార్చడం లేదు.

వంటవాళ్లిద్దరిలో ఒకరు షెడ్డుకి వస్తున్నారు. రెండో ఆయన్ని ఉంచుకోలేకపోయాను. శ్రీకాకుళం వెళ్లిపోతున్నారు. మీలో చాలామందికి ఆయన పులుసే ఇష్టమని తెలుసు.

భోజనం కూపన్లు మిగిలినవాళ్లు కొట్టుకి తెస్తే డబ్బు తిరిగిచ్చేస్తాం, సరుకు తీసుకున్నా సరే. కూపన్ పోయినా ఫర్వాలేదు, పుస్తకంలో పేర్లున్నాయి. ఆఖరి ఆదివారం ముద్దపప్పు, గుత్తివంకాయ, ముక్కల పులుసు. ఉన్నవి ఎనిమిది బల్లలే కాబట్టి పన్నెండున్నరలోపు వచ్చేయండి.